లోపల్నుంచి పిండైన గుట్ట

మేనేజరుగారి అరచేతిలో బూడిదరంగు పిండి, ఆయన ఎదురుగా నోరు తెరుచుకుని నేను. పోయినవారం అక్కడే కదా ఆగాం. షెడ్డులో పెద్దగుట్ట మీది టార్పాలిన్ ఆయనే స్వయంగా ఎత్తి, పైనున్న గడ్డ ఒకటి చేతిలోకి తీసుకున్నారు. అది ఫెర్రోసిలికాన్. ఇనుమూ సిలికానూ కలిపి ఫర్నేస్‌లో కరిగించి పోత పోసింది, ఉక్కు తయారుచేసేవాళ్ళు కొనుక్కెళ్ళేది. కాలిమీద పడితే వేలు చితకాల్సిన గడ్డ, ఆయన నొక్కగానే పొడిపొడిగా రాలిపోయింది. ఆయన గుట్టని చూశారు, నన్ను చూశారు. తప్పు షెడ్డుదో ఫర్నేస్‌దో పొద్దున్నకల్లా తేల్చి చెప్పమని చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయారు.

షెడ్డు అంటే నేనే. సరుకు లోపలికి రావడం, గుట్ట వెయ్యడం, కప్పడం, లారీకెక్కించడం అన్నీ నా చేతిమీదుగానే. ఫర్నేస్ అంటే మా మరిది, నా చెల్లెలి మొగుడు, పోతల ఫోర్‌మన్. షెడ్డు వెనకగోడకి ఆనుకుని కట్టిన కంపెనీ క్వార్టర్లోనే వాళ్ళ కాపురం. ఫర్నేస్ తప్పని తేలితే అతని ఉద్యోగం ఊడుతుంది, దానితోపాటు ఆ రెండు గదులూ పోతాయి. మా చెల్లికి ఏడో నెల. అమ్మ పోయాక దానికి తలదువ్వి, అన్నం పెట్టి, పెళ్ళి చేసి పంపింది నేను. ఈ స్థితిలో అది సామాన్లు నెత్తిన పెట్టుకుని అద్దె ఇంటికోసం వీధులు పట్టి తిరగడం నా కంఠంలో ప్రాణముండగా జరగదు అనుకున్నాను.

అందుకని తప్పు నా నెత్తినే వేసుకున్నాను.

పొద్దున్నే వెళ్ళి, వాన నీళ్ళు షెడ్డులోకి కొట్టాయి సార్, నేనే సరిగ్గా చూసుకోలేదు అని చెప్పాను. పచ్చి అబద్ధం. నా షెడ్డులోకి చుక్క నీరు రాదు. వానలు మొదలవగానే రోడ్డువైపు వెంటిలేటర్లన్నిటికీ గోనెసంచులు కుక్కించాను, తలుపు కింద ఇసుకమూటలు పరిచాను, గుట్టమీద టార్పాలిన్ కప్పి నా చేత్తో మోకు బిగించాను. ఈ కంపెనీలో నా పేరు చాలామందికి తెలియదు. మోకక్క అంటారు. నేను మోకుకి వేసే ముడి అలాంటిది. ఎంత గాలివానకీ జారదు, ఇంకొకడి చేతికి లొంగదు. మా తాత పడవల దగ్గర నేర్చుకుని నాకు నేర్పాడు. దాన్ని విప్పాలంటే లారీవాళ్ళు కూడా నన్నే పిలుస్తారు, ఊరు దాటాక అయితే మోకు కోసెయ్యాల్సిందే. మా ఆయనైతే, ఆ ముడి నీ నోటికి వేసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది కదే అంటాడు.

మేనేజరుగారు కాసేపు చిందులు తొక్కి, చివరికి నన్ను షెడ్డు నుంచి తప్పించి గేటు దగ్గరికి వేస్తానన్నారు. సరే అన్నాను. బయటికొచ్చి నేరుగా చెల్లెలి గుమ్మంలోకి వెళ్ళి, ఇల్లు ఎక్కడికీ పోదు, నువ్వు నిశ్చింతగా ఉండు అని చెప్పాను. అది తలకి తడిబట్ట చుట్టుకుని పడుకుని ఉంది. ఈమధ్య దానికి ఒకటే తలపోటు, కడుపులో తిప్పడం. మొదటి నెలల్లో వచ్చి తగ్గిన వాంతులు ఈ వానలతోబాటే మళ్ళీ పట్టుకున్నాయి. ఆస్పత్రికి వెళ్ళినరోజు దారిలో హాయిగా నవ్వుతూ కబుర్లు చెప్పింది, ఇంటికొచ్చిన గంటకల్లా మళ్ళీ మంచమెక్కింది. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవన్నీ మామూలే అని అందరూ అన్నారు. అందరికంటే ముందు అన్నదాన్ని నేనే.

అంతవరకూ బాగానే ఉంది. కానీ నేనేమన్నా దేవతనా? ఒకరి తప్పు మోసి, నోట్లో నాలుక లేనట్టు ఊరుకునే రకమా? అసలేం జరిగిందో నాకు తెలియాలి. తిన్నగా పోతలు పోసే చోటికి వెళ్ళాను.

మరిది డ్యూటీ దిగుతున్నాడు. మొహమంతా మసి, కళ్ళు చింతనిప్పులు. నన్ను చూడగానే విషయం అర్థమైనట్టుంది, చేతిలో ఉన్న నీళ్ళసీసా పక్కన పెట్టేశాడు. మంచిమనిషే, కాదనను. మా చెల్లిని పల్లెత్తు మాట అనడు. కానీ నిజం చెప్పాల్సొస్తే నసుగుతాడు. ఆ నసుగుడు చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. నేను కూర్చోలేదు, అతన్నీ కూర్చోనివ్వలేదు. గడ్డలు ఎందుకు పిండయ్యాయో నీకు తెలుసా, తెలియదా అని అడిగాను.

వాన నీళ్ళు అన్నారటగా అని మొదలుపెట్టాడు.

"ఆ మాట నేను మేనేజరుకి చెప్పాను. నాకు నువ్వు చెప్పకు."

అతను చుట్టూ చూసుకుని గొంతు తగ్గించాడు. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. పోతకి వాడే పల్చటి ఇనప అచ్చులు సగానికి పైగా పగిలిపోయాయి. కొత్తవి అడిగితే వస్తాయి, వస్తాయి అంటున్నారు గానీ రాలేదు. ఫర్నేస్ ఆగదు కదా, కరిగినది ఎక్కడో ఒకచోట పొయ్యాలి. నేలమీద ఇసుకలో వెడల్పాటి గుంట తీసి, అందులోనే మందంగా పోసేశారు. పల్చగా పోస్తే గడ్డ తొందరగా చల్లారి గట్టిగా ఉంటుందట. మందంగా పోస్తే పైన గట్టిపడినా లోపల చాలాసేపు ఎర్రగా ఉండి, మెల్లమెల్లగా చల్లారుతుందట. అలాంటి గడ్డ చూడటానికి నిగనిగలాడుతుంది, పట్టుకుంటే బరువుగానే ఉంటుంది. కొన్నాళ్ళు పోయాక దానంతటదే చిట్లుతుంది.

"నీకు ముందే తెలుసా?"

"పిండవుతుందని తెలుసు వదినా. ఇంత త్వరగా అవుతుందని తెలీదు. గడ్డలు రాగానే లారీ ఎక్కేస్తాయి అనుకున్నాను. ఆర్డరు వాయిదా పడింది, సరుకు మీ షెడ్డులో ఉండిపోయింది."

నాకు అతన్ని అక్కడే నాలుగు దులపాలనిపించింది. దులిపాను కూడా. ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోకుండా ఎలా పోశావని, ఇంట్లో నిండు గర్భిణిని పెట్టుకుని ఆ పని చెయ్యడానికి నీకు బుద్ధెక్కడికి పోయిందని, నేను ఇన్నేళ్ళు సంపాదించుకున్న మంచిపేరు నీ ఇసకగుంటలో పోశావు కదరా నాయనా అని అడిగాను. పక్కన పనివాళ్ళు వింటున్నారన్న ధ్యాస కూడా లేదు నాకు. అతను తలెత్తలేదు. చివరికి కళ్ళు తుడుచుకుంటే మసి చెంపలకి అంటుకుంది. ఆ మొహం చూసి నా కోపం సగం చల్లారిపోయింది. అదే నాతో వచ్చిన చిక్కు, నోరే తప్ప గుండె గట్టిది కాదు.

ఈ సరుకు ఇంకా చెడిపోకముందే పంపించెయ్యమని మేనేజరుగారు అప్పటికే హుకుం జారీ చేశారట. కొనేవాళ్ళ దగ్గర నిలబడి సర్దిచెప్పడానికి ఎవరో ఒకరు వెంట వెళ్ళాలి. నేను వెళ్తాను అన్నాడు మరిది. నా తప్పు మీరు మోశారు, వాళ్ళ తిట్లైనా నన్ను తిననివ్వండి అన్నాడు.

షెడ్డులో నా ఆఖరి పనిగా దగ్గరుండి సరుకు ఎక్కించాను. చితికిన గడ్డలూ పిండీ పారలతో ఎత్తి సంచుల్లో పోస్తుంటే ఒకటే దుమ్ము. ఎప్పటిలాగే ముందు గుట్టమీద బకెట్లతో నీళ్ళు చల్లించాను. నా మనుషులు దగ్గుకుంటూ పనిచెయ్యడం నాకు నచ్చదు. సంచులన్నీ ఎక్కేసరికి సన్నగా తుంపర మొదలైంది. లారీ ముందు డ్రైవరూ క్లీనరూ వాళ్ళ మూటలతో ఇరుక్కుని కూర్చున్నారు. మరిది నిద్రకి తూలిపోతున్నాడు. వెనక సంచులమీదే పడుకుంటాను వదినా, అక్కడికి చేరాక లేపుతారు, కప్పేసి గట్టిగా కట్టెయ్యండి, వాన దంచేలా ఉంది అన్నాడు. సంచులమీద టార్పాలిన్ చుట్టూ లాగి, అంచులు కిందికి మడిచి, మోకు బిగించి ముడి వేశాను. చుక్క నీరు కూడా పోదు అన్నాను. లోపల్నుంచి సరే వదినా అన్నాడు, అప్పటికే గొంతులో నిద్ర ఉంది. లారీ కదిలింది.

ఖాళీ అయిన షెడ్డులో అడుగున మిగిలిన పిండి ఊడిపిస్తుంటే ల్యాబ్ మేడమ్ వచ్చింది. చిన్నవయసే, మాట తక్కువ. ఏదడిగినా ముందు పెన్ను మూత కొరుకుతుంది, తర్వాతే జవాబు. నిన్న పట్టుకెళ్ళిన గడ్డని రెండు ముక్కలుగా కోసి తెచ్చింది. వెలుతురులోకి పట్టి చూపించింది. అంచు వెండిలా మెరుస్తోంది. నడిమధ్యలో మాత్రం బూడిదరంగు చారలు, చారల వెంట పగుళ్ళు. సున్నపుగోడ లోపల చెమ్మ చేరితే ఉబ్బి పెచ్చులూడినట్టు ఇది లోపలే ఉబ్బింది అంది. మెల్లగా చల్లారేటప్పుడు కరిగిన దాంట్లోని మలినాలన్నీ జరుగుతూ జరుగుతూ నడుమకి చేరతాయట. అందులో భాస్వరం ఉంటుందట. గడ్డ పైన ఎంత గట్టిగా ఉన్నా ఆ చారల్లోకి తేమ దూరితే చాలు, అక్కడినుంచి విచ్చుకుంటూ పోతుందట. పైగా ఇనుమూ సిలికానూ ఇంచుమించు సగం సగం ఉన్న రకానికి ఈ జబ్బు మరీ ఎక్కువట.

నాకెందుకో పౌరుషం వచ్చింది. నా షెడ్డులో తేమెక్కడిది మేడమ్, చూడండి, గోడలు ఎంత పొడిగా ఉన్నాయో అన్నాను. ఆమె గోడల్ని చూడలేదు. మూలనున్న బకెట్లని చూసింది.

"అవి దేనికి?"

"దుమ్ము లేవకుండా చల్లడానికి."

"రోజూనా?"

"గుట్టలో పార పెట్టినప్పుడల్లా."

ఆమె పెన్ను మూత నోట్లోంచి తీసింది. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది. వెంటిలేటర్లు ఎప్పటినుంచి మూసున్నాయని అడిగింది. వానలు పడ్డప్పటినుంచి అన్నాను. షెడ్డులో ఎలుకలున్నాయా అని అడిగింది. ఒకప్పుడు తెగ తిరిగేవి, ఈమధ్య ఒక్కటీ లేదు, నేను పెట్టించిన బోనుల పుణ్యం అని చెప్పుకున్నాను. ఆ బోనుల్లో ఒక్కటైనా పడిందా అంది. పడలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది నాకు.

"ఇక్కడ ఏదైనా వాసన వచ్చేదా?"

నేను నవ్వాను. అదేమీ లేదు, గోడకవతల మా చెల్లెలి ఇల్లు, అది వెల్లుల్లి వేయిస్తే ఇక్కడికి వస్తుంది, వాసన చూస్తే ఆకలేస్తుంది కూడా అన్నాను. ఆమె నవ్వలేదు. ఎప్పుడెప్పుడు వస్తుంది అని అడిగింది. ఎప్పుడూ వస్తూనే ఉంటుంది అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వింతగా వినిపించింది. పొద్దస్తమానం ఎవరు వెల్లుల్లి వేయిస్తారు?

మేడమ్ అప్పుడు చెప్పింది. నీళ్ళు తగిలితే ఆ భాస్వరం ఊరికే ఉండదు, గ్యాస్ అవుతుంది, ఫాస్ఫీన్ అంటారు. వెల్లుల్లి వాసనలా ఉంటుంది. ముందు తలనొప్పి, తర్వాత కడుపులో తిప్పడం, వాంతులు, మత్తు. మూసిన గదిలో ఎక్కువసేపు ఉంటే ఊపిరి అందదు. ఆమె తల పైకెత్తి చూస్తోంది. నేనూ చూశాను. రోడ్డువైపు వెంటిలేటర్లన్నీ నా గోనెసంచులతో బిగుసుకుని ఉన్నాయి. వెనకగోడకీ పైకప్పు రేకులకీ మధ్య మాత్రం బారెడు పొడవున సందు. వాన అటునుంచి కొట్టదు కాబట్టి దాన్ని నేను పట్టించుకోలేదు. ఆ సందు అవతల ఉన్నది మా చెల్లెలి పడకగది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. షెడ్డు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. తలుపు గడియ వేసుంది. కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. కిటికీలు కూడా మూసే ఉన్నాయి, చల్లగాలి తగలనివ్వొద్దని చెప్పింది నేనే కదా. తలుపు విరగ్గొట్టేలా బాదాను. చాలాసేపటికి గడియ కదిలింది. మా చెల్లి గోడ పట్టుకుని నిలబడింది, పెదాలు పాలిపోయి, కళ్ళు సగం మూసుకుని. వెనకనుంచి ఆ వాసన గుప్పున వచ్చింది.

"ఏమే, వెల్లుల్లి వేశావా పొయ్యిమీద?"

"వెల్లుల్లా? దాని పేరెత్తితేనే వాంతొస్తోందక్కా. ఇంట్లోకి తేవడమే మానేశాను. మీ షెడ్డులో వాళ్ళెవరో వండుకుంటున్నారేమో అనుకున్నా ఇన్నాళ్ళూ."

గోడకి ఇటు నేను, అటు అది. ఇన్నాళ్ళూ ఆ వాసనని ఒకరింటిదని ఒకరం అనుకున్నాం. దాన్ని నడుము చుట్టూ పట్టుకుని బయటికి లాగాను. అది గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఎక్కడికి, ఎందుకు, వానలోనా అంది. తర్వాత దాని మొహం మారింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నారా అక్కా? పొద్దున్నేగా ఎక్కడికీ పోదన్నావు."

ఏడుపు తన్నుకొచ్చింది నాకు. ఆ రెండు గదులకోసం పొద్దున్న అబద్ధమాడాను, నా షెడ్డు వదులుకున్నాను. ఇదే గుమ్మంలో నిలబడి, నువ్వు ఇందులోనే ఉంటావు అని గొప్పగా మాటిచ్చాను. ఆ గదుల్లోనే దాన్ని ఇంకాసేపుంటే చంపేసేదాన్ని. దానికి ఇవేమీ చెప్పలేదు. నడవవే తల్లీ, తర్వాత చెబుతాను అని మాత్రం అన్నాను.

క్వార్టర్‌కి ఎదురుగా ఉన్న ల్యాబ్ వరండాలో, గాలి ధారాళంగా తగిలే చోట బల్లమీద కూర్చోబెట్టాం. మేడమ్ డాక్టరుకి కబురుపెట్టి, షెడ్డులోవాళ్ళని బయటికి రమ్మని కేకేసింది. వెంటిలేటర్లకి కుక్కిన గోనెసంచులన్నీ లాగి పారేయించింది. చెల్లి రెండుసార్లు వాంతి చేసుకుంది. తర్వాత మెల్లగా కళ్ళు తెరిచింది. చల్లగాలికి దాని మొహంలో కాస్త కళ వచ్చింది. నా చెయ్యి తీసి కడుపుమీద పెట్టుకుంది. లోపలివాడు గట్టిగా ఒక్క తన్ను తన్నాడు. అప్పుడు నాకు ఊపిరి ఆడింది. అక్కడే నేలమీద చతికిలబడ్డాను.

ఆయనకి చెప్పారా, కంగారుపడతారు అంది చెల్లి. నేను నా ఫోన్ తీసి మరిది నంబరు కలిపాను. మోగింది. ఎక్కడో చాలా దగ్గర్లో మోగింది. తలుపు బార్లా తీసి వదిలేసిన క్వార్టర్లోంచి, ఛార్జింగుకి పెట్టి మర్చిపోయిన ఫోన్ అదేపనిగా మోగుతూనే ఉంది.

మేడమ్ షెడ్డు వైపు చూస్తూ అడిగింది.

"ఆ గుట్టంతా ఏమైంది? ఇందాక అడగడం మర్చిపోయాను."

లారీ ఎక్కించాం అని చెప్పాను. తడిగానా అంది. నేను తలూపాను. మూసిన లారీనా, తెరిచిన లారీనా అంది. తెరిచినదే, పైన టార్పాలిన్ కప్పి కట్టాను అన్నాను. చెల్లి మా ఇద్దరినీ మార్చిమార్చి చూస్తోంది. మేడమ్ గేటువాణ్ణి పరిగెత్తించింది, డ్రైవరు నంబరు తెమ్మంది. గేటువాడు అక్కడినుంచే కలిపి, మళ్ళీ కలిపి, చెయ్యి అడ్డంగా ఊపాడు. వాన పెద్దదైంది. రేకులమీద ఆ చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు.

"ఆయనెక్కడక్కా?" అంది చెల్లి.

నేను నా చేతుల్ని చూసుకున్నాను. మోకు లాగిన ఎర్రటి గీతలు అరచేతుల్లో ఇంకా అలాగే ఉన్నాయి. అతను నీళ్ళు చల్లిన ఆ సంచులమీదే పడుకుని నిద్రపోతున్నాడు. పైన టార్పాలిన్. చుట్టూ నా ముడి. లోపల్నుంచి దాన్ని విప్పడం ఎవడి తరమూ కాదు, బయటినుంచి విప్పడం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను ఇక్కడున్నాను.